చిట్టి కొండ దిగిన రోజు

మా గుంపులో అందరూ నన్ను వదినా అనే పిలుస్తారు, నాకంటే పెద్దవాళ్ళు కూడా. మొదట్లో మా ఆడపడుచు చిట్టి ఒక్కతే అలా పిలిచేది. కలిసి సైకిళ్ళు తొక్కడం మొదలయ్యాక ఆ పిలుపు జలుబులా అందరికీ అంటుకుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కూడా అంటారు. అననివ్వండి. నాది అద్దాలు కోసే పని. గాజు పలక మీద గీత ఒక్కసారే గీయాలి. చెయ్యి వణికినా, గీద్దామా వద్దా అని నసిగినా పలక ముక్కలవుతుంది. అందుకే నేను ఒక మాట అన్నానంటే అనేసినట్టే.

సముద్రానికి సైకిళ్ళ మీద బయల్దేరే ముందురోజు సాయంత్రం చిట్టి నా షాపుకొచ్చింది. పొడుగాటి గది అది. గోడకి ఆనించి నిలబెట్టిన పలకలు, మధ్యలో మందపాటి దుప్పటి పరిచిన బల్ల, ఎంత ఊడ్చినా నేల మీద మెరుస్తూనే ఉండే గాజు పొడి. చిట్టి బేకరీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల దాకా పిండి అలాగే ఉంది. బల్లకి ఆనుకోబోయి, నా చూపు చూసి ఆగింది.

"వదినా, ఒక మాట చెప్తాను. అరవకూడదు."

"అరవాల్సిన మాటైతే తప్ప ఎందుకు అరుస్తానే? చెప్పు."

"రేపు కూడా కొండ మీద అన్నయ్య వ్యాను ఎక్కానంటే నా సైకిలు పక్కింటి నర్సుకి ఇచ్చేస్తాను. ఇంక తొక్కను. ఆవిడకి చెప్పేశాను కూడా."

అరిచాను. అద్దాలు పగల్లేదు గానీ పక్క షాపాయన తొంగి చూసి వెళ్ళాడు.

మా సైకిళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. వీటిని ఫిక్స్‌డ్ గేరు సైకిళ్ళంటారు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. మామూలు సైకిలు మీదైతే వాలు రాగానే కాళ్ళు ఆపేసి మహారాజులా కూర్చోవచ్చు. మా దగ్గర ఆ పప్పులుడకవు. కొండ దిగుతున్నా కాళ్ళు తిరగాల్సిందే. వేగం తగ్గించాలంటే తిరిగే పెడళ్ళని కాళ్ళతోనే వెనక్కి నొక్కి పట్టాలి. ముందు చక్రానికి ఒక బ్రేకు ఉంటుంది, అదీ నేను అందరితో పోట్లాడి పెట్టించిందే.

పోయినేడు ఆ బ్రేకే చిట్టి కొంప ముంచింది. సముద్రానికి దిగే వాలులో మలుపు దగ్గర కంగారుపడి దాన్ని గట్టిగా నొక్కేసింది. సైకిలు ఆగింది, చిట్టి ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరిపడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ మనిషే అతుక్కోలేదు. ఎప్పుడూ మెట్ల మీద గంతులేస్తూ దిగే పిల్ల ఇప్పుడు రెయిలింగు పట్టుకుని దిగుతోంది. చిన్న వంతెన వాలు కనిపించినా సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తోంది, కొండ వస్తే మా వెనకొచ్చే వ్యాను ఎక్కేస్తోంది. ఆ బ్రేకు మీద వేలు కూడా వేయదు. ఒకప్పుడు బేకరీలో పనివాళ్ళందరికీ ఎదురు సమాధానం చెప్పే నోరు, ఇప్పుడు ఎవరేమన్నా "సరేలెండి" అంటోంది. సైకిలు పోతే పోనీ, ఇంకోటి వస్తుంది. చిట్టి పోతే?

"రేపు నువ్వు వ్యాను ఎక్కవు," అన్నాను. "రేపు వాలులో ముందుండేది నువ్వే."

చిట్టి గుడ్లప్పగించి చూసింది. "నేనా? నీకేమైనా పిచ్చా వదినా? వెనకాలంతమంది ఉంటే?"

మా గుంపుకి రెండు నియమాలున్నాయి. వాలులో ముందున్నవాళ్ళు కాళ్ళతో పట్టిన వేగమే అందరి వేగం, ఎవరూ వాళ్ళని దాటకూడదు. రెండోది, ఎవరి చక్రం వాళ్ళదే. పంచరైనా, చక్రంలో పుల్ల విరిగినా ఎవరిది వాళ్ళే బాగుచేసుకోవాలి. ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఈ నియమాలు పెట్టింది ఎవరని అడక్కండి.

"వెనకాలంతమంది ఉంటారనే. నీ వెనక నేనుంటాను. నన్ను దాటుకుని ఎవడొస్తాడో చూస్తాను," అన్నాను.

మర్నాడు వెలుగు వస్తుండగా పెట్రోలు బంకు దగ్గర కలుసుకున్నాం. మా ఆయన వ్యాను వెనక తలుపులు తెరిచి ట్యూబులు, నీళ్ళ డబ్బాలు, అరటిపళ్ళు సర్దుతున్నారు. ఆయన సైకిలు తొక్కరు. ఒకసారి ఎక్కి, పెడళ్ళు ఆగకపోయేసరికి "ఇది నా మాట వినడం లేదు, ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు" అని దిగిపోయారు. ఆ జోకు ఇప్పటికీ కొత్తవాళ్ళందరికీ చెబుతారు.

చిట్టి ముందుండబోతోందని చెప్పగానే కరెంటు ఒంటికాలి మీద లేచాడు. కరెంటు అంటే మా ఎలక్ట్రీషియను. ఇళ్ళకి వైరింగు చేస్తాడు. మనిషి మంచివాడే గానీ ఆగి ఆలోచించడం అనే స్విచ్చి అతనికి పెట్టలేదు.

"వదినా, మీరంటే గౌరవమే. కానీ పోయినేడు పడ్డ మనిషిని ముందు పెడితే ఎలా? ఆమె పడితే వెనక మేమందరం కుప్ప కదా?"

"ముందు నువ్వుంటే పడేవాళ్ళు ఉండరా? పోయిన నెల గేటు మూసుందని చూడకుండా వెళ్ళి గుద్దింది ఎవరయ్యా?"

"అది గేటు తప్పు."

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, సైకిలు నుంచి కాలేదు. "అమ్మాయిని అడుగుదాం. నువ్వేమంటావమ్మా?"

అందరూ చిట్టి వైపు తిరిగారు. తను హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ నీళ్ళు నమిలింది. నేను తన వైపు చూడలేదు. చూస్తే నా కళ్ళల్లో ఏముందో పట్టేస్తుంది.

"ఉంటాను," అంది చివరికి. గొంతు చిన్నదే గానీ తెగేసి చెప్పింది.

బయల్దేరాం. గోదాములు, ఇంకా తెరవని బట్టల షాపులు, పాలప్యాకెట్ల లారీ, బస్టాండు ముందు ఆవలిస్తున్న డ్రైవర్లు. ఊరు దాటాక రోడ్డు చదునుగా సాగింది. ఫిక్స్‌డ్ గేరు మీద చదును రోడ్డంత సుఖం ఇంకోటి లేదు. కాళ్ళు వాటంతటవే తిరుగుతుంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. కరెంటు ఎవరింట్లో ఏ స్విచ్చి ముట్టుకుంటే షాకు కొడుతుందో చెప్పుకుంటూ వచ్చాడు. మాస్టారు ఎవరూ అడక్కపోయినా పొడుపులెక్కలు ఇచ్చారు. చిట్టి కూడా రెండుసార్లు నవ్వింది. నాకు నమ్మకం కుదిరింది. ఇవాళ ఈ పిల్లని దించే తీరతాను అనుకున్నాను.

కొండ మొదట్లో, ఎక్కుడు ఇంకా మొదలుకాకముందే, చిట్టి వెనక చక్రం బుస్సుమంది.

చెట్టు నీడన సైకిలు తలకిందులుగా పెట్టి చక్రం ఊడదీసింది. మా ఆయన వ్యాను దిగి పరుగెత్తుకొచ్చారు. "ఉండు చిట్టీ, నేను పట్టుకుంటాను."

"ఏమండీ, చెయ్యి తీయండి," అన్నాను. "ఎవరి చక్రం వాళ్ళదే."

"చెల్లెలికి సాయం చేస్తే నేరమా?"

"వద్దన్నయ్యా, నేనే చేసుకుంటాను," అంది చిట్టి. ట్యూబు లాగింది, ముల్లు వెతికి తీసింది, కొత్త ట్యూబు ఎక్కించింది. పని వచ్చిన చేతులే. కానీ ఎండ పెరుగుతోంది, ఆలస్యమైన కొద్దీ తన మనసులో భయం ఎక్కడ పీట వేసుకుని కూర్చుంటుందోనని నా బెంగ. బెంగ వచ్చినా నా నోట్లోంచి బయటికి కోపమై వస్తుంది, ఏం చెయ్యను.

"ఎంతసేపే? ఈపాటికి బేకరీలో రెండు వాయిల రొట్టెలు కాల్చి ఉండేదానివి."

"అబ్బా, వస్తున్నా వదినా! చెవిలో పోరకు!" అని కసిరింది. పానాతో నట్లు రెండూ గబగబా బిగించి, చైను ఎక్కించి, సైకిలు తిప్పి, ఒక్క దూకులో ఎక్కి వెళ్ళిపోయింది. కసిరినందుకు నాకు సంతోషమేసింది. చాలా రోజులకి కసిరింది మరి.

ఎక్కుడు పొడుగునా ఎవరికీ మాటల్లేవు. సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడళ్ళ మీద వేసి, చచ్చీ చెడీ ఎక్కాం. కొండ మీద ఆగడం లేదని పొద్దున్నే చెప్పాను. అక్కడ ఆగితే చిట్టి కిందికి చూస్తుంది. చూస్తే వ్యాను ఎక్కుతుంది. అందుకని పైకి చేరగానే "ముందుకు పో, నేనున్నా!" అని ఒక్క కేక పెట్టాను. చిట్టి నన్ను దాటి ముందుకెళ్ళింది. నేను వెనక, నా వెనక మాస్టారు, ఆయన వెనక కరెంటు. దూరంగా సముద్రం నీలంగా ఒక పట్టీలా కనిపించింది.

వాలు మొదట్లో మెల్లగానే ఉంటుంది. చిట్టి కాళ్ళు చక్కగా తిరుగుతున్నాయి. వీపు నిటారుగా ఉంది. "శభాషే!" అని అరిచాను కూడా.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. టకటకటకటక.

మా సైకిళ్ళు చప్పుడు చేయవు. చైను గుసగుస తప్ప ఏమీ ఉండదు. ఆ టకటక మామూలు సైకిలుది. కాళ్ళు ఆపినా చక్రం తనమానాన తాను తిరిగే సైకిలుది. ఇదెక్కడిదిరా బాబూ అనుకునేలోపు చిట్టి కాళ్ళు చూశాను. వేగం తగ్గించడానికి తను పెడళ్ళని వెనక్కి నొక్కింది. పెడళ్ళు ఆగకుండా ఉత్తినే వెనక్కి తిరిగిపోయాయి. సైకిలు మాత్రం ముందుకు ఉరికింది.

"వదినా! కాళ్ళు పట్టడం లేదు! వదినా!"

చిట్టి చక్రానికి రెండు పక్కలా చైను పట్టే పళ్ళుంటాయి. ఒక పక్క బిగుతుగా ఉండేవి, మేము వాడేవి. రెండో పక్క వదులుగా తిరిగేవి, ఫ్రీ వీల్ అంటారే, అది. సైకిలు కొన్నప్పుడే వస్తుంది, ఎవరం వాడం. పంచరు వేసి కోపంలో చక్రాన్ని అటుది ఇటు తిప్పి పెట్టేసింది. ఎక్కుడంతా ఆ ఫ్రీ వీల్ మీదే ఎక్కింది. ఇంకొకరైతే అక్కడే కనిపెట్టేవారు, కాస్త కాళ్ళు ఆపగానే తెలిసిపోయేది. కానీ మేము కాళ్ళు ఆపే జాతి కాదు కదా! ఆపడమే మరిచిపోయాం. అందుకే వాలులో, కాళ్ళతో పట్టాల్సిన చోట, తెలిసింది.

"కాళ్ళు వదిలెయ్!" అని గొంతు చించుకున్నాను. "చక్రం తిరగబడింది! పెడళ్ళు కదపకుండా నిలబడు! బ్రేకు, మెల్లగా, రెండు వేళ్ళు! గట్టిగా నొక్కకు చిట్టీ, నీకు పుణ్యముంటుంది!"

విన్నదో లేదో తెలియదు. తనని అందుకోవాలని వేగం పెంచాను. నా కాళ్ళు పెడళ్ళ మీద పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి, ఇంకొంచెం అయితే నేనే ఎగిరిపడతాను. ఫ్రీ వీల్ మీద జారిపోతున్న మనిషిని మా సైకిళ్ళ మీద అందుకోవడం ఎవరి తరమూ కాదు. చూస్తుండగానే చిట్టి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. పోయినేడు పడ్డ మలుపే అది.

ఆ మలుపు దాకా నేనెలా వెళ్ళానో నాకే తెలియదు. నియమాలు పెట్టిన నా నోటిని, పొద్దున్నుంచీ సాధించిన నా కోపాన్ని, అన్నింటినీ తిట్టుకున్నాను. మలుపు తిరిగి రోడ్డంతా చూశాను, రోడ్డు పక్క గడ్డిలో చూశాను. చిట్టి లేదు. సైకిలూ లేదు.

తలెత్తితే, చాలా కింద, రోడ్డు మధ్యలో చిన్నగా కనిపించింది. పెడళ్ళు రెండూ సమంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి నిలబడి, మోకాళ్ళు వంచి పోతోంది. ఉండుండి ఒళ్ళు కొంచెం వెనక్కి జరుపుతోంది, వేగం తగ్గుతోంది. అంటే బ్రేకు వేస్తోంది. మెల్లగా, వేళ్ళతో, వదిలి, మళ్ళీ పట్టి.

నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. కాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, కళ్ళు కారుతూనే ఉన్నాయి. మాస్టారు వెనకనుంచి "ఏమైందమ్మా?" అని అడిగితే "ఏం కాలేదు, మీ పని మీరు చూసుకోండి," అని పాపం ఆయన మీద పడ్డాను.

కిందికి చేరేసరికి చిట్టి ఇసుక అంచున సైకిలు పడుకోబెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మొహం తెల్లబడింది. నేను వెళ్ళి గట్టిగా పట్టుకుని, వీపు మీద ఒక్కటి వేసి, మళ్ళీ పట్టుకున్నాను.

"ఏం పోకడే అది? ఇంజను పెట్టించుకున్నావా?" అని కరెంటు రొప్పుకుంటూ వచ్చాడు. మాస్టారు చక్రం చూసి, విషయం పట్టేసి, పగలబడి నవ్వారు. ఆయన్ని అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. అంతలో వ్యాను వచ్చింది. మా ఆయన సంగతంతా విని చెల్లెలి తల నిమిరారు.

"పోనీలే, పడకుండా వచ్చావు, అంతే చాలు. వ్యాను కూడా ఎక్కలేదు. ఇంక సైకిలు ఎవరికీ ఇవ్వక్కర్లేదు."

అందరం చప్పట్లు కొట్టాం. కరెంటు ఈల కూడా వేశాడు. చిట్టి మాత్రం నవ్వలేదు. సైకిలు వైపు చూస్తూ నిలబడింది.

"దిగింది సైకిలు అన్నయ్యా," అంది. "నేను దాని మీద ఉన్నానంతే."

"అదేం మాటే? బ్రేకు వేసింది ఎవరు?"

"వేశాను. వెయ్యక చస్తానా? ఇంకో దారి లేదు కాబట్టి వేశాను." ఇసుకలో కూర్చుని పానా తీసింది. నట్లు విప్పి, చక్రం ఊడదీసి, అటుది ఇటు తిప్పి, మళ్ళీ పెట్టింది. ఈసారి తొందరపడలేదు. చక్రాన్ని చేత్తో తిప్పి, పెడళ్ళు దాంతోపాటు తిరుగుతున్నాయని చూసుకుంది. తర్వాత పానా నా చేతికిచ్చింది. "వదినా, నువ్వొకసారి బిగించి చూడు."

మా గుంపులో ఎవరూ ఎవరినీ అలా అడగలేదు. నేను రెండు వైపులా చూసి, బిగించి, తిరిగిచ్చాను.

"పైకి వెళ్తున్నా," అంది చిట్టి. "మళ్ళీ దిగుతాను."

"ఇప్పుడా?" నా గొంతు నాకే వింతగా వినిపించింది. "చాల్లే చిట్టీ. ఇవాళ్టికి చాలు. వచ్చే ఏడు చూద్దాం. కాళ్ళు అలిసిపోయాయి, ఎండ ముదిరింది, అన్నం వేళయింది..."

చిట్టి నన్ను తేరిపార చూసింది. "వదినా, నువ్వు భయపడుతున్నావా?"

నేనా? నేను భయపడడమా? అందామని నోరు తెరిచాను. ఆ మలుపు దగ్గర గడ్డిలో వెతికిన నా కళ్ళు గుర్తొచ్చాయి.

"భయమేస్తోందే," అన్నాను. "చచ్చేంత భయమేస్తోంది. నువ్వు కనబడని ఆ కాసేపు నేను బతికి లేను. నిన్ను ముందు పెట్టింది నేను. నీకేమైనా అయితే నేనేం చెయ్యాలి?"

మా ఆయన నా వైపు అలాగే చూస్తుండిపోయారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మాట నా నోట విని ఉండరు.

చిట్టి నా హెల్మెట్ తీసుకొచ్చి నా తలకి పెట్టి, చిన్నపిల్లకి పెట్టినట్టు గడ్డం కింద పట్టీ బిగించింది.

"అయితే నా వెనకాలే రా," అంది. "నన్నే చూస్తూ రా. కిందికి చూడకు. నేను పట్టుకుంటాను కదా."

వెళ్ళాను. ఇంకేం చెయ్యను? ఇద్దరమే ఎక్కాం. తను ముందు, నేను వెనక. పైకి చేరాక చిట్టి ఆగింది. ఒక కాలు నేల మీద పెట్టి, సముద్రం దాకా పరుచుకున్న వాలునంతా నింపాదిగా చూసింది. నేను చూడలేదు, తన వీపే చూశాను. తర్వాత "పద" అంది.

దిగింది. కాళ్ళతో పట్టింది. పెడలు పైకి వచ్చిన ప్రతిసారీ వెనక్కి నొక్కి, సైకిలు మెడ వంచి, తను అనుకున్న వేగానికి తెచ్చింది. మలుపు దగ్గర తన పిక్కలు రాళ్ళలా బిగుసుకోవడం నాకు కనిపించింది. నా పిక్కల్ని కూడా అలాగే బిగించాను. ఒక బస్సు హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. చిట్టి పక్కకి కూడా చూడలేదు. అంత మెల్లగా ఆ వాలు నేనెప్పుడూ దిగలేదు. అంత నిశ్చింతగా కూడా దిగలేదు.

రోడ్డు అయిపోయాక కూడా తను ఆపలేదు. ఇసుకలోకి, తడి ఇసుకలోకి, చక్రం కూరుకుపోయి ఇంక తిరగనని మొండికేసేదాకా తొక్కింది. అక్కడ పక్కకి ఒరిగి, సైకిలుతో సహా నీళ్ళలో కూలబడి, గొంతెత్తి ఏడ్చింది. మా ఆయన ప్యాంటు మడుచుకోకుండానే పరుగెత్తారు. నేను సైకిలు దిగి ఆయన చెయ్యి పట్టి ఆపాను.

చిట్టి చెంపల మీది ఉప్పునీళ్ళు తుడుచుకుని మావైపు తిరిగింది.

"వదినా," అంది, "ఇప్పుడు దిగాను."